పిక్కకో పట్టీ, ముంజేతికో పట్టీ

కోస్గి
29 మే 2022, ఆదివారం

ప్రమీలత్తకు,

కోస్గి నుంచి నీ మేనకోడలు స్నిగ్ధ. నీ ఫోను రంగు కాగులో పడి చచ్చిపోయిందని బాపు చెప్పగానే ముందు నవ్వాను, తర్వాత బాధపడ్డాను, బాధపడుతూనే మళ్లీ నవ్వాను. మామ కొత్తది కొనేదాకా ఉత్తరాలే గతి అన్నావట. నాకూ అదే కావాలి. ఎలాగూ నీకు పార్సిల్ పంపాల్సి ఉంది, ఆర్టీసీ కార్గోలో దాంతోపాటు ఉత్తరం కూడా ఎక్కి వస్తుంది.

పార్సిల్‌లో ఉన్న నల్ల పట్టీని చూసి భయపడకు. దాన్ని టూర్నికెట్ అంటారు. కాలో చెయ్యో తెగి రక్తం ఆగకుండా పోతుంటే, పట్టీ చుట్టి ఈ కడ్డీని గిరగిరా తిప్పితే బిగుసుకుని రక్తం ఆగుతుంది. నేను పనిచేసే అంబులెన్సులో ఇలాంటివి ఉంటాయి. ఊళ్లలో ఉండవు.

పోయిన నెల బుచ్చయ్య అనే రైతు ముంజేయి గడ్డి కత్తిరించే మిషన్‌లో పడింది. ఆయన భార్య బట్టలారేసే ఇనుప తీగ తెంపి కట్టింది. పాపం, తన చేతనైనంత గట్టిగానే కట్టింది. సన్నటి తీగ కదా, కండలోకి దిగింది కానీ రక్తం ఆగలేదు. మేము ఇరవై ఎనిమిది కిలోమీటర్లు వెళ్లి నల్ల పట్టీ కట్టేసరికే చాలా రక్తం పోయింది. దవాఖాన దారిలోనే పోయాడత్తా, నా చేతుల్లోనే. "బర్రెకు గడ్డి ఏసిండ్రా" అని అడిగాడు, అంతే. రెండు రోజులు అన్నం తినలేదు నేను. ఆ ఇంట్లో తీగ బదులు వెడల్పాటి పట్టీ ఒక్కటి ఉండి ఉంటే అని ఇప్పటికీ అదే ఆలోచన.

ఇంట్లో నేసిన పట్టీతో కట్టడం ఊళ్లలో ఆడవాళ్లకు నేర్పిస్తానని మా డాక్టరమ్మ నిహారిక గారిని అడిగాను. "నేర్పించు, కానీ ముందు అన్ని రకాలూ పోల్చి చూపించు. నీ ఇంటి పట్టీ పిక్క మీదా ఆగాలి, ముంజేతి మీదా ఆగాలి, ఒంటి చేత్తో బిగించ రావాలి. ఆగస్టు మూడున చూస్తాను. ఆగకపోతే ఈ మాట మళ్లీ ఎత్తొద్దు" అన్నారు.

పిక్క, ముంజేయి ఎందుకంటే రెండూ మొండివి. లోపల రెండేసి ఎముకలు, వాటి నడుమ రక్తనాళాలు దాక్కుని ఉంటాయి. పైగా కిందికి పోయే కొద్దీ సన్నబడతాయి కాబట్టి కట్టు జారిపోతుంది. అందుకని జారని పట్టీ ఒకటి నేసి పంపండి. రెండంగుళాల వెడల్పు, రెండు మూరల పొడవు. కొలతలు ఇవి: కృష్ణకాంత్ పిక్క ముప్పై ఎనిమిది సెంటీమీటర్లు, ముంజేయి పైన ఇరవై ఎనిమిది, మణికట్టు దగ్గర పదిహేడు. కృష్ణకాంత్ అంటే మా అంబులెన్స్ డ్రైవర్.

మామకు దండాలు.

నీ కోడలు
స్నిగ్ధ


పోచంపల్లి
8 జూన్ 2022

ఓ కోడలా,

నువ్వు మంచిగున్నవని నీ రాతల తెలుస్తాంది, నేను మంచిగున్ననని నా తిట్లల్ల తెలుసుకో. ఏంది పిల్లా గా రాసుడు? పేపర్ల వార్త లెక్క! "బాధపడ్డాను" అంట. మనింట్ల ఎవరన్న గట్ల బాధపడ్డరా ఎన్నడన్న?

ఫోను పడ్డది నీలం కాగుల. మీ మామ లింగస్వామి గారు కట్టెతోని కలెబెట్టుకుంట, "రింగు చేసి చూద్దామా, ఏడున్నదో తెలుస్తది" అన్నడు. ముప్పై నాలుగేండ్ల సంది గీ మనిషితోని ఏగుతున్న నేను.

బుచ్చయ్య ముచ్చట సదివినంక నాకు సుత ముద్ద దిగలే. ఆ ఇంటామె ఎట్లున్నదో ఏమో. గా తీగను జూసినప్పుడల్ల ఎంత ఏడుస్తదో.

ఇగ పని ముచ్చట. నువ్వు పరేషాన్ గాకు. గీ పని మాకు తెల్వందా? చిటికి కట్టుడంటే ఏందే? నూలు మీద యాడ రంగు ఎక్కొద్దో ఆడ రబ్బరుతోని బిగబట్టి కట్టుడే గదా! నా కట్టు కిందికి ఒక్క సుక్క రంగు పోదు. రంగు పోనిదాంట్ల నెత్తురు పోతదా? అందుకే సైకిల్ ట్యూబు కోసి, మేము చిటికికి కట్టేటియే, ఇరవై సన్న పట్టీలు పంపుతున్న. మీ మామ ముంజేతికి కట్టి చూసిన. చెయ్యి వంకాయ లెక్కయింది. నేను మస్తు కుషీ అయిన, ఆయన కాలే.

ఇప్పుడు అసలు ముచ్చట చెప్పు. ఎవరే గా కృష్ణకాంత్? కోస్గిల గంత మంది ఉంటే ఒక్కని పిక్కనే కొలిచినవేంది? మణికట్టు సుత కొలిచినవు. మా కాలంల మొగోని మొఖం చూసుడే కష్టముండె, మీరు సెంటీమీటర్ల దాక వచ్చిండ్రు. ఫికర్ జెయ్యకు, నేనెవ్వరికీ చెప్ప.

మీ అత్త
ప్రమీలమ్మ


కోస్గి
17 జూన్ 2022

అత్తా,

ఆ రాత నా తప్పు కాదు. రోజూ కేసు రిపోర్టులు రాసీ రాసీ చెయ్యి అలా అలవాటు పడింది. "బాధితుడు స్పృహలో ఉన్నాడు" అని రాసే చేత్తో నీకు ఇంకెట్లా రాయను?

నీ సైకిల్ ట్యూబు పట్టీలు ఓడిపోయాయి. ఎలా తెలిసిందో చెప్తాను. మా దగ్గర గర్భిణుల పొట్ట మీద పెట్టి బిడ్డ గుండె చప్పుడు వినే చిన్న మిషన్ ఉంది. దాన్నే పాదం మీద పెడితే నాడి హుష్ హుష్ అని వినిపిస్తుంది. పట్టీ బిగించాక ఆ చప్పుడు ఆగిపోతే గెలిచినట్టు. కృష్ణకాంత్ బల్ల మీద కాలు చాపి కూర్చున్నాడు, నేను మిషన్ పెట్టాను, హుష్ హుష్ మొదలైంది, సరిగ్గా అప్పుడే మా ఆశా కార్యకర్త ఎస్తేరు లోపలికొచ్చింది. ఆ చప్పుడు వింది, కృష్ణకాంత్‌ను చూసింది. "ఎన్నో నెల సారూ?" అంది. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి బయటికి వెళ్లి నవ్వుకుని వచ్చారు.

సన్నపట్టీ కట్టినప్పుడు కృష్ణకాంత్ అరిచాడే గానీ చప్పుడు ఆగలేదు. చర్మం మీద గాడి పడింది. బుచ్చయ్య ఇంట్లో తీగ చేసింది కూడా ఇదే. సన్నగా ఉంటే కోస్తుంది, వెడల్పుగా ఉంటేనే లోపలిదాకా నొక్కుతుంది. నూలు పోగుల మధ్య నీకు ఎముకలు అడ్డం రావు కదా!

కొనే పట్టీల్లో మిగతా రకాలు కూడా చూశాం. పళ్లున్న బకిలుతో బిగించేది కటకటమని గట్టిగా బిగుస్తుంది కానీ పిక్క మీది వెంట్రుకలు పీకేసింది, కృష్ణకాంత్ వాళ్లమ్మను తలుచుకున్నాడు. అరచేయంత వెడల్పు రబ్బరు చుట్టేది ముంజేతికి బ్రహ్మాండం, కానీ ఒంటి చేత్తో మొదటి చుట్టే పట్టు దొరకదు. గాలి కొట్టేది అన్నిటికంటే మెత్తగా ఆపుతుంది, కానీ ఒక్క ఎలుక కొరికితే పని ఖతం. కడ్డీ తిప్పేదే నయం, పిక్కకు రెండున్నర తిప్పుల్లో ఆపింది. ఏదీ ఒక్క నిమిషం మించి ఉంచలేదులే, డాక్టరమ్మ పక్కనే ఉన్నారు.

కాబట్టి ట్యూబు వద్దు, నేసిన పట్టీయే కావాలి. కృష్ణకాంత్ గురించి నువ్వు అనుకునేదేమీ లేదు. మిగతావాళ్లు ఒక్కసారి కట్టించుకుని పారిపోయారు, ఆయన పారిపోలేదు. అంతే.

స్నిగ్ధ


పోచంపల్లి
30 జూన్ 2022

కోడలా,

"ఆయన పారిపోలేదు" అని రాసి "అంతే" అంటున్నవు. మొగోడు పారిపోకుంట ఉండుడు చిన్న ముచ్చటానే?

ఎస్తేరు అడిగిన ముచ్చట మీ మామకు సదివి వినిపిస్తే ఆయన మగ్గం మీదికెల్లి లేవలేకపోయిండు. నవ్వి నవ్వి రెండు పోగులు తెంపిండు.

ఈసారి పట్టు పట్టీ పంపుతున్న. మీ మామ మూడు దినాలు కూసోని నేసిండు. తిప్పేటందుకు కడ్డీ లేకపోతే మన నూలు చుట్టే వెదురు కండె పెట్టిన. చూసేటందుకు పెండ్లి చీర అంచు లెక్క ఉన్నది. గింత సక్కటి దాన్ని నెత్తురుల పెడ్తరా అని పానం ఉసూరుమన్నది నాకు.

ఇంకో శుభవార్త. నువ్వు కోస్గిల నేర్పుడు మొదలు పెట్టకముందే ఈడ నేను మొదలు పెట్టిన! మన షెడ్డుల చిటికి కట్టే పన్నెండు మంది ఆడోళ్లను కూసోబెట్టి చెప్పిన. దెబ్బ తాకినకాడనే కట్టాలె, గాయం మూసుకపోయేటట్టు కట్టాలె అని. యాడ తెల్లగుండాలెనో ఆడనే గదా మనం చిటికి కట్టేది! ఒక్కసారి చెప్పంగనే అందరికీ సమజైంది. జర సేపాగినంక ఇప్పి చూసి, ఆగకపోతే మళ్ల కట్టుమని సుత చెప్పిన. మీ డాక్టరమ్మకు చెప్పు, మా అత్త మీకంటే ముందున్నదని.

మీ బాపుకు తిరుమలగిరికి చిన్న కార్డు రాసిన. తప్పుగ ఏం రాయలే. "తమ్మీ, పిల్లకు ఒక పిలగాడు నచ్చినట్టున్నడు, నెల సంది ఆయన కాలు పరీక్ష చేస్తాంది, నువ్వు ఓసారి పొయ్యి చూడు" అని గంతే రాసిన.

ప్రమీలమ్మ


కోస్గి
6 జూలై 2022

అత్తా, అత్తా, అత్తా!

దండం పెడతా, ముందు కాలి సంగతి.

ఆదివారం పొద్దున బాపు కోస్గి బస్టాండులో దిగి నాకు ఫోను చేశాడు. "ఏడి గా పిలగాడు? కాలు జూపియ్యిమను" అన్నాడు. నువ్వు రాసిన కార్డు చదివి, ఆ పిలగాడికి కాలు సరిగ్గా లేదనుకున్నాడు! నెలరోజులుగా పరీక్షలు చేయించాల్సి వచ్చిన కాలు అంటే ఇంకేమనుకుంటాడు మరి? పాపం కృష్ణకాంత్‌కు ఇదేమీ తెలియదు. మా నాన్నగారు వచ్చారంటే మర్యాదకు చాయ్ తాగించడానికి వచ్చాడు. బాపు అతన్ని బస్టాండులో ఆ చివరి నుంచి ఈ చివరికి రెండుసార్లు నడిపించాడు. "జర మెట్లెక్కు నాయినా" అన్నాడు. ఎక్కాడు. "దిగు" అన్నాడు. దిగాడు. కోస్గి బస్టాండు మొత్తం చూసింది. చివరికి బాపు నా వైపు తిరిగి "కాలు మంచిగనే ఉన్నది గదనే" అన్నాడు, నేనేదో దాచినట్టు.

నేను ఆ రోజు డ్యూటీలో కృష్ణకాంత్ మొహం చూడలేదు. ఆయన మాత్రం సాయంత్రం దాకా ఈల వేస్తూనే ఉన్నాడు.

ఇప్పుడు నవ్వు ఆపి చదువు. ఇది చాలా పెద్ద విషయం.

గాయం మీద కట్టొద్దు అత్తా. కాగులో నూలు మునిగితే రంగు నాలుగు దిక్కుల నుంచీ వస్తుంది, అందుకని నువ్వు కావాల్సిన చోటే కడతావు. ఒంట్లో అలా కాదు. రక్తాన్ని గుండె తోస్తుంది. కాబట్టి గాయానికి పైన, గుండె వైపు, నాలుగు వేళ్ల ఎడంగా కట్టాలి. మోకాలు, మోచేయి లాంటి కీళ్ల మీద కట్టొద్దు. రక్తం ఆగేదాకా తిప్పాలి. చాలా నొప్పి పుడుతుంది, మనిషి అరుస్తాడు, తిడతాడు, అయినా విప్పి చూడొద్దు. విప్పేది డాక్టరే. కట్టిన టైము మనిషి మీదే కనిపించేటట్టు రాయాలి, రెండు గంటల్లోపు దవాఖానకు చేరాలి.

నువ్వు చెప్పినట్టు ఆ పన్నెండు మందిలో ఒక్కరు చేసినా మనిషి పోతాడు. ఇవాళే వాళ్లందరికీ చెప్పు.

పట్టు పట్టీ చమటకే జారి చీలమండ దాకా వచ్చేసింది. వెదురు కండె రెండో తిప్పుకే ఫట్టుమని విరిగి ఓఆర్‌ఎస్ జగ్గులో పడింది. ఇక నాలుగు వారాలే ఉంది.

స్నిగ్ధ


పోచంపల్లి
15 జూలై 2022

బిడ్డా,

నీ ఉత్తరం సదివి రంగు పని ఆడికాడనే ఇడిచిపెట్టిన. ముప్పై ఏండ్ల పనితనమే నన్ను మోసం జేసింది. నాకన్ని తెలుసనుకున్న. తెలిసిన పనిల తప్పు జేస్తే ఎవ్వలు చెప్పినా ఇనబుద్ధి గాదు, నువ్వు చెప్పినవు కాబట్టి ఇన్న.

ఆ దినమే చీర దోపుకోని వానల బయలెల్లిన. పన్నెండు ఇండ్లనుకున్న. ఒకామె ఆడిబిడ్డకు చెప్పింది, ఇంకొకామె పొదుపు సంఘంల చెప్పింది, గుర్వయ్య పెండ్లామైతే బోనాలకు వచ్చిన సుట్టాలందరికి చెప్పింది. పన్నెండు ఇండ్లు ముప్పై ఒకటైనయి. నేను మంచి ముచ్చట చెప్తే ఒక్కతి గుర్తు పెట్టుకోదు, తప్పు చెప్తే గింత జల్ది పాకింది!

ప్రతి ఇంట్ల కూసోబెట్టి, వాళ్ల ముంజేతి మీద ఎర్ర రంగుతోని గీత గీసి, "ఇది గాయం, ఏడ కడ్తవు?" అని అడిగిన. పైన కట్టిందాక లేవలే. ఒకామె మూడుసార్లు గీత మీదనే కట్టింది, నేను సుత మూడుసార్లు ఆమె ఇంట్లనే చాయ్ తాగిన. ఇప్పుడు పోచంపల్లిల సగం మంది ఆడోళ్ల చేతుల మీద ఎర్ర గీతలున్నయి. చీరలు చూడొచ్చినోళ్లు ఇది ఏం ఆచారమని అడుగుతున్నరు.

ఇగ కొత్త పట్టీలు. నూలుతోని, రెండు పొరల గట్టి నేత. తడిస్తే సాగుతదేమోనని మూడు దినాలు నీళ్లల్ల నానబెట్టి, మీ మామ ఒక కొస, నేను ఒక కొస పట్టుకోని గుంజినం. నేనే గెలిసిన. కడ్డీకి తుమ్మ కట్టె. మీ మామ చెక్కి చెక్కి నున్నగ జేసిండు, ఇది విరిగితే మగ్గం బందు వెడ్తనని ఒట్టేసిండు.

ఆరు పంపుతున్న. ఏడోది వేరే కాయిదంల చుట్టి ఉన్నది, అది పరీక్షకు గాదు. మంచి దినం చూసి మీరిద్దరే ఇప్పుకోండ్రి. మీ బాపు చెప్పిండు, పిలగాని నడక మంచిగున్నదని.

ప్రమీలమ్మ


కోస్గి
4 ఆగస్టు 2022

అత్తా,

నేను కోస్గిలోనే ఉన్నానో గాల్లో ఉన్నానో నాకే తెలియడం లేదు. వరసగా చెప్పడానికి చూస్తాను.

నిన్న పరీక్ష జరిగింది. ఒక్కో రకం పిక్కకు పదిసార్లు, ముంజేతికి పదిసార్లు, నలుగురు మనుషుల మీద మార్చి మార్చి కట్టాం. కొన్న నల్లపట్టీ పదికి పది, పదికి పది. మామ పట్టీ ముంజేతికి తొమ్మిది, పిక్కకు ఎనిమిది! పిక్క మీద తప్పిన రెండుసార్లూ ఇంకో పట్టీ దానికి పైన, ఆనుకునేటట్టు కడితే చప్పుడు ఆగింది. తుమ్మ కట్టె విరగలేదు, మామను మగ్గం ఎక్కమను. ఎస్తేరు కుడి చెయ్యి వెనక్కి కట్టేసుకుని, ఎడమ చేత్తో తన కాలికి తనే నలభై ఎనిమిది సెకన్లలో కట్టుకుంది. కట్టుకుని "ఇప్పుడు నాకు ఎన్నో నెలో చెప్పుండ్రి" అంది.

డాక్టరమ్మ కాగితాలన్నీ చూశారు. "అబద్ధం చెప్పొద్దు స్నిగ్ధా. కొన్నదే మేలు, అది ఉన్నచోట అదే వాడాలి. లేనిచోట తీగ కంటే, తాడు కంటే ఇది చాలా మేలు. నేర్పించు" అన్నారు. నేర్పించు అన్నారత్తా! నేను అక్కడే ఏడ్చేశాను. బుచ్చయ్య భార్యకు మొదటి పట్టీ నేనే ఇస్తాను. తను తప్పేమీ చేయలేదని కూడా చెప్తాను.

ఇక ఏడో పట్టీ. నేను దాన్ని విప్పలేదు. పరీక్ష మధ్యలో ఒక పట్టీ తడిసిపోతే, కృష్ణకాంత్ నా సంచిలో చెయ్యిపెట్టి దొరికిన పొట్లం విప్పి పిక్కకు కట్టేసుకున్నాడు. డాక్టరమ్మ వంగి చూసి ఆగిపోయారు. ఎర్రటి పట్టీ మీద ఎదురెదురుగా రెండు చిలుకలు. ఒక చిలుక కింద "స్ని", ఇంకో చిలుక కింద "కృ". "ఇది ఏ కంపెనీది?" అన్నారు డాక్టరమ్మ.

భూమి చీలి నన్ను మింగితే బాగుండేది. మింగలేదు.

అందరూ వెళ్లాక నేను క్షమించమని అడగబోతే కృష్ణకాంత్ ఏమన్నాడో తెలుసా? "మీ అత్తకు జూన్ నెలలనే తెలిసింది. మీకు ఎప్పుడు తెలుస్తదో అని రెండు నెలల సంది కాలు ఇస్తున్న" అన్నాడు. నేను ఏం మాట్లాడానో గుర్తు లేదు. ఆ చిలుకల పట్టీ చప్పుడు ఆపిందో లేదో కూడా రాసుకోలేదు, ఆ ఒక్క గడి ఖాళీగా ఉంది.

నిన్ను తిట్టాలనే ఉత్తరం మొదలు పెట్టాను. తర్వాత తిడతాను. యాభై పట్టీలు కావాలి, మామను అడుగు.

స్నిగ్ధ


పోచంపల్లి
4 సెప్టెంబర్ 2022

కోడలా,

కూసోని సదువు. అందరం బతికే ఉన్నం, అది ముందుగాల చెప్తున్న.

యాభై పట్టీలకు యాభై కట్టెలు కావాలె గదా. చెక్కుకుంట కూసుంటే దసరా దాటుతదని మీ మామ యాడికెల్లో కరెంటు కటింగ్ మిషన్ తెచ్చిండు. పోయిన శనివారం పొద్దుగాల, నేను ఎర్ర కాగు కాడ ఉన్న. "ప్రమీలా" అని పిలిచిండు. ముప్పై నాలుగేండ్లల్ల ఆయన నన్ను పేరు వెట్టి పిలవలే. చేతులకు రంగు కారుకుంట ఉరికిన. చక్రం ఎగిరొచ్చి ఎడమ ముంజేతి మీద పడ్డదట. నా చేతులెర్ర, ఆయన చెయ్యెర్ర, ఏది రంగో ఏది నెత్తురో తెల్వలే. ఆయనది ఎగజిమ్ముతాంది, గట్ల తెలిసింది.

బిడ్డా, నా చెయ్యి ముందుగాల గాయం మీదికే పోయింది. అబద్ధమెందుకు. ముప్పై ఏండ్ల చెయ్యి అది. అంతల నువ్వు రాసింది యాదికొచ్చి పైకి జరిగిన. నాలుగు వేళ్ల ఎడం. పట్టీ చుట్టిన, కట్టె తిప్పిన. ఒకటి, రెండు, మూడు. ఆగింది.

ఇగ మొదలైనయి తిట్లు! "ఇప్పవే, సంపుతున్నవే, నువ్వు మనిషివా కాదా" అని గల్లీ అంత ఇనవడేటట్టు ఒర్లిండు. నేను ఇప్పలే. "ఒక్కసారి జర వదులు జెయ్యి ప్రమీలా" అని బతిమాలిండు. గప్పుడు నా పానం పోయింది, అయినా ఇప్పలే. టైము రాయాలె గదా, పెన్ను దొరకలే. ఎర్ర రంగుల ఏలు ముంచి నొసటి మీద రాసిన: 11-20. ఆటోల కూసోబెట్టి పెద్ద దవాఖానకు కొంటవోయినం. పన్నెండున్నరకు బల్ల మీద ఉన్నడు. డాక్టరు నొసలు చూసి, "ఎవరు రాసిండ్రమ్మా గిది, శాన మంచి పని చేసిండ్రు" అన్నడు. నరం కుట్టిండ్రు. పానానికి ఏం భయం లేదన్నరు.

కానీ నా రంగు ఎంత పక్కా రంగో నీకెరికే గదా. ఎనిమిది దినాలైంది, సబ్బు పెట్టిన, నిమ్మకాయ రాసిన, 11-20 పోతలే. చూడొచ్చినోళ్లందరు నొసలు చూసి ఫోన్ల టైము చూసుకుంటున్నరు. గుర్వయ్య అయితే "లింగస్వామన్నా, నీ గడియారం ఆగింది" అన్నడు. మీ మామ తువ్వాల నెత్తికి చుట్టుకోని కూసుంటున్నడు, దవాఖానల నర్సులు ఆయనను పదకొండు ఇరవై సారు అని పిలిచేదట.

నువ్వు డ్యూటీల పరేషాన్ అయితవని వెంటనే చెప్పొద్దన్నడు. తిట్టకు.

ప్రమీలమ్మ


కోస్గి
8 సెప్టెంబర్ 2022

అత్తా,

నాలుగు పేజీలు రాశావు. నొసటి గురించి రాశావు, తువ్వాల గురించి రాశావు, నర్సులు ఏమని పిలిచారో కూడా రాశావు. వేళ్ల గురించి ఒక్క మాట రాయలేదు.

మామ వేళ్లు కదులుతున్నాయా? అయిదూ కదులుతున్నాయా? ముట్టుకుంటే తెలుస్తోందా? ఎడమచేత్తో పోగును కొట్టి బిగించకపోతే మగ్గం నడవదని నాకు తెలుసు. నువ్వు నవ్విస్తున్నావంటే ఏదో దాస్తున్నావని కూడా తెలుసు, చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను.

ఆ కట్టెలు యాభై కావాలని అడిగింది నేను. నిద్ర పట్టడం లేదు.

నువ్వు మామను బతికించావత్తా. ఎంత నొప్పి పెట్టినా విప్పకపోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. బాపు ఎల్లుండి బయలుదేరుతున్నాడు. డెంగీ కేసుల వల్ల నాకు దసరా దాకా సెలవు లేదు. దసరాకు వస్తాం. వస్తాం అనే రాశాను, సరిగ్గానే చదివావు.

స్నిగ్ధ


పోచంపల్లి
21 అక్టోబర్ 2022

కోడలా,

దసరాకు నువ్వు చూసిపోయినవు గదా, చిటికెనేలు, దాని పక్కేలు కట్టె లెక్క ఉన్నయని. నీ ముందర నవ్విండు గని, మీరిద్దరు బస్సెక్కినంక నన్ను అడిగిండు, "నేను ఇగ నేస్తనా?" అని. తిట్టిన. ఊకెనే తిట్టిన. పొయ్యి కాడ కూసోని ఏడ్సిన.

కృష్ణకాంత్ మంచి పని జేసిండు. మీ మామను బతిమాలలే, ధైర్యం చెప్పలే. దవాఖానల చెప్పిన కసరత్తు తను సుత పక్కన కూసోని చేసిండు, పిండి ముద్ద పిసికిండు. ఇద్దరు మొగోళ్లు కూసోని నా చపాతి పిండి నాశనం జేసిండ్రు. మీ మామ ఇప్పటికీ దినాం రెండు పూటల పిసుకుతనే ఉన్నడు. ఆ పిలగాడు నాకు నచ్చిండు. మీ బాపుతోని నేను మాట్లాడుత. ఈసారి కార్డు రాయ, పోయే చెప్త.

పోయిన మంగళవారం నేను నూలు ఆరేస్తున్న. లోపటికెల్లి సప్పుడు వచ్చింది. ఒక్కసారి కొట్టుడు, ఆగుడు. మళ్ల ఒక్కసారి. నేను లోపటికి పోలే, పోతే ఆపుతడని. పక్కింటోళ్లు, ఎదురింటోళ్లు బయటికొచ్చి నిలవడ్డరు. యాభై రెండు దినాలాయె మా ఇంట్ల ఆ సప్పుడు లేక.

ఆ దినం నేసింది ఈ పార్సిల్‌ల ఒక్కటే ఉన్నది. ఇది ఎవ్వరికీ కట్టకు బిడ్డా, పనికి రాదు. మొదట జానెడు దూరం పోగులు వదులుగున్నయి, జల్లెడలకెల్లి చూసినట్టు అవతలికి కనవడుతది. అంచు సుత వంకర. నడిమికొచ్చేసరికి జర దగ్గర పడ్డది. ఆఖరు జానెడు గట్టిగున్నది, నేను గోరుతోని గీరి చూసిన, గోరు దిగలే.

కండ్లు మూసుకోని ఈ కొసకెల్లి ఆ కొస దాక చేత్తోని తడుముకుంట పో.

మీ అత్త
ప్రమీలమ్మ